పాత ఇటుక గోడ సందులకు ఎన్‌హెచ్‌ఎల్ 3.5 సున్నం: సంచి కొనేముందు చదవండి

హైదరాబాదులో మారేడ్‌పల్లి, బొల్లారం, బర్కత్‌పుర, సుల్తాన్‌బజార్ గల్లీల్లో ఇంకా మిగిలిన పాత ఇటుక ఇళ్ళ గోడలు రెండు రకాలుగా కనిపిస్తాయి. కొన్నిట్లో సందుల్లోని సున్నం రాలిపోయి వేలు దూరేంత గుంతలు పడి ఉంటాయి. ఇంకొన్నిట్లో సందులు మాత్రం బూడిదరంగులో గట్టిగా నిలబడి, మధ్యలో ఇటుకలే అరిగి లోపలికి పోయి ఉంటాయి, తేనెతుట్టెలాగా. మొదటి గోడకు మరమ్మతు కావాలి. రెండో గోడకు మరమ్మతు జరిగింది, సిమెంటుతో. అందుకే అలా ఉంది.

ఈ పనికి ఎన్‌హెచ్‌ఎల్ (నేచురల్ హైడ్రాలిక్ లైమ్) 3.5 అనే సున్నం 25 కిలోల సంచుల్లో వస్తుంది. మామూలు హార్డ్‌వేర్ షాపు అరల్లో ఉండదు, పాత కట్టడాల పనులకు సరుకు ఇచ్చేవాళ్ళ దగ్గర ముందే చెప్పి తెప్పించుకోవాలి. సిమెంటు సంచి ధరకు అలవాటు పడ్డవాళ్ళకు దీని ధర గుండె గుభేల్‌మనిపిస్తుంది. వాన కొట్టే గోడకూ, పిట్టగోడకూ ఆ డబ్బు దండగ కాదు. ఇంట్లో ఉన్న ప్రతి గోడకూ ఇదే వాడాలనుకుంటే మాత్రం దండగే.

దీని సంగతేమిటంటే, బంకమన్ను, సిలికా సహజంగా కలిసి ఉన్న సున్నపురాయిని కాల్చి చేస్తారు. మామూలు సున్నం గాలి తగిలితేనే గట్టిపడుతుంది. ఇది కొంత నీళ్ళతోనే బిగిసి, మిగతాది గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుంటూ నెలల తరబడి రాయవుతుంది. 3.5 అంటే 28 రోజులకు ఉండాల్సిన కనీస బలం, మెగాపాస్కల్‌లలో. 2, 5 నంబర్లు కూడా ఉన్నాయి. ‘5 ఇంకా గట్టిది కదా, అదే ఇవ్వండి’ అని అడిగేవాళ్ళున్నారు. వద్దు. ఆ అంకె ల్యాబ్‌లో కలిపే చిక్కటి మిశ్రమానిది. మనం ఇసుక పాలు పెంచి కలిపే మాలులో బలం అంతకన్నా తగ్గుతుంది, మనకు కావల్సిందీ అదే. సందు ఎప్పుడూ ఇటుక కన్నా మెత్తగా ఉండాలి. గోడ కదిలితే సందు పగలాలి, ఇటుక కాదు. చెమ్మ సందులోంచి ఆరిపోవాలి, ఇటుకలోంచి కాదు.

సిమెంటు సరిగ్గా దీన్నే తిరగేస్తుంది. ఆరేటప్పుడు సన్నగా కుంచించుకుని ఇటుక అంచు దగ్గర వెంట్రుకవాసి చీలిక వదులుతుంది. వాననీళ్ళు అందులోంచి లోపలికి పోతాయి, బయటికి రాలేవు. చివరికి మెత్తటి ఇటుక ముఖంలోంచే ఆరతాయి. నీళ్ళతో వచ్చిన ఉప్పు ఇటుక చర్మం కింద గడ్డకట్టి, ఆ చర్మాన్ని పొరలు పొరలుగా నెట్టేస్తుంది. గోడ కింద ఎర్రటి పొడి రోజూ ఊడుస్తున్నారంటే జరుగుతున్నది ఇదే. సిమెంటు మాత్రం చెక్కుచెదరదు. కొన్నేళ్ళకు గోరుతో లాగితే జానెడు పొడుగు పట్టీలా ఊడి చేతికొస్తుంది, వెనకాల పాత సున్నం తడి మట్టిలా ఉంటుంది. షాపుల్లో ‘రెడీమిక్స్ రిపేర్ మోర్టార్’ అని ఇచ్చే పాలిమర్ సంచులూ ఈ కోవకే చెందుతాయి. కాంక్రీటు పిల్లర్లకు మంచి సరుకే, ఈ గోడలకు కాదు.

కొనేటప్పుడు పేర్ల దగ్గర తికమక ఉంది. హైడ్రేటెడ్ లైమ్ వేరు, హైడ్రాలిక్ లైమ్ వేరు. మొదటిది మామూలు సున్నానికి నీళ్ళు చల్లి చేసిన పొడి. వెల్ల వేయడానికి, మురుగుశుద్ధికి అమ్ముతారు, చవక. అది చేతిలో పెట్టి ‘ఇదే సార్ అదీ’ అంటే నమ్మకండి. సంచి మీద ఎన్‌హెచ్‌ఎల్ అనే అక్షరాలు, 3.5 అంకె, ఈఎన్ 459 అనే యూరప్ ప్రమాణం నంబరు, తయారీ తేదీ చూడాలి. ఒట్టి హెచ్‌ఎల్ అని ఉంటే అందులో సిమెంటు కలిపి ఉండొచ్చు. ఏడాది దాటిన సంచి వద్దు. వానాకాలమంతా గోడౌన్ నేల మీద పడి ఉన్నదైతే పైనుంచి నొక్కి చూడండి. లోపల గడ్డలు తగిలితే సగం బిగిసిపోయిందన్నమాట, జల్లెడ పట్టి వాడుకోవడానికి కూడా పనికిరాదు.

నీడలో ఉన్న వరండా గోడలకు, ఇంటి లోపలి గోడలకు పిడుగురాళ్ళ నుంచి వచ్చే మామూలు సున్నమే చాలు. కాల్చిన గడ్డలు తెచ్చి, డ్రమ్ములో ముందు నీళ్ళు పోసి, గడ్డలను కొద్దికొద్దిగా నీళ్ళలో వెయ్యాలి. గడ్డల మీద నీళ్ళు గుమ్మరిస్తే మరిగి మొహం మీదికి చిమ్ముతుంది, కళ్ళు పోతాయి. కళ్ళద్దాలు, రబ్బరు గ్లౌజులు తప్పనిసరి. మరిగి చల్లారాక జల్లెడ పట్టి, పైన రెండంగుళాల నీళ్ళు నిలిచేట్టు కనీసం 15 రోజులు నాననివ్వాలి. ఎంత ఎక్కువ నానితే అంత వెన్నలా వస్తుంది. ఆ సున్నం ఒక పాలుకు ఒక పాలు సుర్ఖీ (ఇటుక పొడి), రెండు పాళ్ళు ఇసుక. సుర్ఖీకి తక్కువ కాలిన నాటు ఇటుకను దంచి పిండి జల్లెడ పట్టాలి. బాగా కాలి నల్లబడ్డ ఇటుక పొడి సున్నంతో కలవదు, ఉత్త రంగే. షాపులో కొన్న సున్నపు పొడి తాజాదో కాదో తెలియాలంటే చెంచాడు పొడి మీద వెనిగర్ పోసి చూడండి. బుసబుసా పొంగితే గాలి తగిలి అప్పటికే రాయైపోయింది, పారెయ్యండి. తాజా సున్నం పెద్దగా పొంగదు.

బెల్లం, కరక్కాయ నీళ్ళు కలపాలా అని అందరూ అడుగుతారు. పాత మేస్త్రీలు కలిపేవారు, నిజమే. సందుల మరమ్మతుకు అవి లేకపోయినా పని ఆగదు. చెమ్మ గోడలో బెల్లం పాళ్ళు తప్పితే చీమలు, బూజు తప్ప మిగిలేదేమీ ఉండదు.

ఎంత కొనాలి? పాత ఇటుక 9 అంగుళాల పొడవు, 3 అంగుళాల మందం, సందు 12 మిల్లీమీటర్ల వెడల్పు అనుకుందాం. చదరపు మీటరు గోడలో అడ్డం, నిలువు సందులన్నీ కలిపితే సుమారు 15, 16 మీటర్ల పొడవు తేలుతుంది. లోతు 25 మిల్లీమీటర్లు నింపితే దాదాపు 5 లీటర్ల మాలు, రాలిపోయేది కలిపి 6. అంటే 100 చదరపు అడుగుల గోడకు 55 లీటర్లు. ఒకటికి రెండున్నర పాళ్ళు కొలతలో కలిపితే ఇసుక 55 లీటర్లు, సున్నం 22 లీటర్లు, అంటే దాదాపు 14 కిలోలు. సున్నం ఇసుక రేణువుల మధ్య ఖాళీల్లో కూర్చుంటుంది, అందుకే మొత్తం ఇసుక కొలతకు పెద్దగా మించదు. ఈ లెక్కన ఒక సంచి 175 చదరపు అడుగులకు వస్తుంది. సంచి ధర చూసి భయపడేవాళ్ళు ఈ లెక్క వేసుకుంటే, మేస్త్రీ కూలీ ముందు సున్నం ఖర్చు చిన్నదే అని అర్థమవుతుంది.

ఇసుక దగ్గరే పని చెడుతుంది. రోబో ఇసుకలో రాతిదుమ్ము ఎక్కువ, ఆ దుమ్ముతో కలిపిన మాలు ఆరగానే దారాల్లాంటి పగుళ్ళు తీస్తుంది. వాడక తప్పకపోతే కడిగి ఆరబెట్టి వాడాలి. నది ఇసుకే మేలు, సన్నవీ ముతకవీ కలిసి ఉండాలి, పెద్ద రేణువు సందు వెడల్పులో మూడో వంతు దాటకూడదు. ఒక పరీక్ష ఉంది. గాజు గ్లాసు నిండా ఎండు ఇసుక పోసి, అంచుదాకా వచ్చేంతవరకూ నీళ్ళు కొలిచి పొయ్యండి. గ్లాసులో మూడో వంతు నీళ్ళు పడితే సున్నం ఇసుకలో మూడో వంతు చాలు. సగం దాకా తాగితే అన్నీ ఒకే సైజు రేణువులన్నమాట, ఆ ఇసుక మార్చండి. కలిపే నీళ్ళు తాగే నీళ్ళయి ఉండాలి. ఉప్పు బోరు నీళ్ళతో కలిపితే తెల్లటి పూత గోడ మీద మీరే పెట్టుకున్నట్టు.

తవ్వడానికి సన్న ఉలి, చిన్న సుత్తి. లోతు సందు వెడల్పుకు కనీసం రెండింతలు, 12 మిల్లీమీటర్ల సందుకు 25 దాకా, గాడి అడుగుభాగం చదరంగా రావాలి. గ్రైండరు పెడితే నిలువు సందుల దగ్గర పై ఇటుకా కింది ఇటుకా రెండిట్లోకీ గాటు పడుతుంది, ఆ గాటు ఇక పోదు. పాత సిమెంటు పాయింటింగ్ తియ్యాల్సి వస్తే అడ్డం సందు నడిమధ్యలో మాత్రం సన్న బ్లేడుతో ఒక గీత కోసి, మిగతాది ఉలితో లోపలికి విరగ్గొట్టాలి. ఉలి దెబ్బకు ఇటుక అంచు లేస్తుంటే ఆ సిమెంటును ఉన్నచోటే వదిలెయ్యడం తెలివైన పని.

తవ్వుతుండగా తెల్లటి సున్నం బదులు ఎర్రమట్టి రాలితే జాగ్రత్త. పాత ఇళ్ళలో గోడ లోపలంతా మట్టి అడుసుతో పేర్చి, పైన మాత్రం సున్నంతో సందులు మూసినవి ఉన్నాయి. అలాంటి గోడను పైపుతో తడిపితే లోపలి మట్టి కరిగి కారుతుంది. స్ప్రే బాటిలుతో మాత్రమే తడపాలి, ఒకసారికి రెండు మూడు వరుసలకు మించి తవ్వకూడదు. రావి మొలకలను పీకేసి మూసేస్తే సరిపోదు. వేరు లోపల బతికే ఉంటుంది, కొత్త సందును నెట్టుకుని మళ్ళీ వస్తుంది. రెండు ఇటుకలు ఊడదీసైనా వేరు తియ్యాలి.

ముందురోజు సాయంత్రం గోడను తడిపి, పని మొదలుపెట్టే ముందు ఇంకోసారి చిలకరించాలి. ఇటుక ముదురు రంగులో ఉండాలి, నీటి మెరుపు కనపడకూడదు. ఎండు ఇటుక మాలులోని నీళ్ళను క్షణంలో పీల్చేస్తుంది. మాలు పొడిబారి, వేలితో గీకితే పిండిలా రాలుతుంది. మాలు ఎంత గట్టిగా ఉండాలంటే, పిడికిట్లో నొక్కితే ముద్ద నిలవాలి, చేతికి అంటకూడదు. జారుడుగా ఉంటే ఇటుక ముఖం మీద తెల్లటి మరక పడుతుంది, అది పోదు. సందు వెడల్పున్న సన్న తాపీతో వెనక్కి నొక్కుతూ, 10, 12 మిల్లీమీటర్ల పొర చొప్పున రెండు సార్లుగా నింపాలి. మొదటి పొర బొటనవేలికి గట్టిపడ్డాకే రెండోది. ఒకే దెబ్బకు నింపితే పైన బిగుసుకుని లోపల ఖాళీ మిగులుతుంది, తట్టితే డొల్లగా మోగుతుంది.

చివరి గీతను తాపీతో నున్నగా రాయకండి. గోరు గుచ్చితే గుర్తు పడాలి కానీ దిగకూడదు, ఆ సమయానికి గట్టి పీచు బ్రష్షుతో ముఖాన్ని పొడిచినట్టు కొట్టాలి. పైన పేరుకున్న సున్నపు తెట్టు తెగి ఇసుక కనపడుతుంది, గాలి లోపలికి ఆడుతుంది. ఇటుక అంచులు అరిగి గుండ్రబడి ఉంటే సందును ఇటుక ముఖం కన్నా రెండు మూడు మిల్లీమీటర్లు లోపలికే ఆపాలి. అంచుదాకా తెచ్చి పల్చగా పూస్తే ఆ పల్చటి రెక్క మొదట విరుగుతుంది, సందు కూడా రెండింతలు వెడల్పుగా కనిపిస్తుంది.

హైదరాబాదులో ఈ పనికి నవంబరు నుంచి ఫిబ్రవరి మంచిది. ఏప్రిల్, మేలో పడమటి గోడ ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది, మాలు బిగిసేలోపే ఆరిపోతుంది. జూన్ దాటితే తాజా సున్నాన్ని వాన కడిగేస్తుంది. ఎప్పుడు చేసినా తడి గోనెపట్టాలు గోడకు ఒక జానెడు దూరంలో వేలాడదీసి, కనీసం వారం రోజులు రోజుకు మూడు నాలుగు సార్లు పట్టాలను తడపాలి, గోడ మీదికి పైపు కొట్టకూడదు. నాన్చిన సున్నంతో చేస్తే ఇంకా ఎక్కువ రోజులు. అడ్డా మీద దొరికే మేస్త్రీలలో చాలామంది ఈ వారం సంగతి వినగానే ‘గుప్పెడు సిమెంటు వేస్తే రేపటికి గట్టిపడుతది సార్’ అంటారు. ఆ గుప్పెడు దగ్గరే ఒప్పందం చెడాలి. చేత్తో తవ్వి, నింపి, బ్రష్షు కొట్టే మంచి మేస్త్రీ రోజుకు 30, 40 చదరపు అడుగులు చేస్తాడు. 100 చేశానంటే తవ్వలేదనే లెక్క.

పని ముందు ఇంకో రెండు చూసుకోవాలి. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోవడంతో ఇంటి పునాది గట్టు మునిగి, వీధి నీళ్ళు నేరుగా గోడకు తగులుతుంటే, ఎన్ని సందులు నింపినా అడుగున రెండడుగుల మేర ఉప్పు తేలుతూనే ఉంటుంది. ముందు గోడ వెంట మట్టి తీసి నీళ్ళకు వాలు ఇవ్వండి. పని అయ్యాక మెరుస్తుంది కదా అని పారదర్శక సిలికాన్, యాక్రిలిక్ కోటింగులు కొట్టించకండి. గోడ ఊపిరి తీసుకునేది ఆ సందుల్లోంచే, అవి మూస్తే ఇంతకాలం చేసిందంతా సిమెంటు చేసినట్టే.

ఇంకో మాట, అందరికీ ఈ సంచి అక్కర్లేదు. 1960ల తర్వాత సిమెంటు మాలుతోనే కట్టిన ఇటుక ఇల్లయితే ఒక పాలు సిమెంటు, ఒక పాలు సున్నం, ఆరు పాళ్ళు ఇసుక చాలు. ఏదో తేల్చుకోవడానికి ఇంటి తాళంచెవితో పాత సందును గీకండి. తెల్లగా, పొడిగా రాలి, మధ్యలో బియ్యపు గింజంత సున్నపు ముద్దలు కనిపిస్తే సున్నమే. తాళంచెవి జారి గీత కూడా పడకపోతే సిమెంటు.

రంగు విషయంలో ఎన్‌హెచ్‌ఎల్ కొంచెం నిరాశపరుస్తుంది. వచ్చేది మీగడ రంగు, మన పాత సందులు సుర్ఖీ వల్ల ఇటుక చాయలో ఉంటాయి. ఇసుకలో పదో వంతు తీసేసి ఆ మేరకు సుర్ఖీ కలిపి, పెరటి గోడ మీద అడుగు చదరం నమూనా వేసి, వారం ఆరాక చూడండి. తడి మీద చూసిన రంగును నమ్మితే ముందు గోడ మొత్తం తెల్లగీతల లుంగీలా తయారవుతుంది. మిగిలిన సున్నాన్ని సంచిలోనే చుట్టి పెట్టకుండా, మూత బిగించే ప్లాస్టిక్ డబ్బాలో పోసి, నేలకు ఎత్తుగా పెట్టుకోండి. పిట్టగోడ పైవరుసకు వచ్చే చలికాలం అవసరం పడుతుంది.