హెర్నియా ఆపరేషన్ అయిన 14 నెలలకు: విజయనగరంలో ఒక ఆసుపత్రి సేవలపై సమీక్ష

ఆసుపత్రుల గురించి రాసేవారు సాధారణంగా ఇంటికి వచ్చిన వారం లోపలే రాస్తారు. హెర్నియా (పొట్ట గోడ బలహీనపడిన చోట లోపలి భాగం బయటికి ఉబ్బడం) విషయంలో ఆ వారం చెప్పేది చాలా తక్కువ. కుట్లు మానాయా, జ్వరం వచ్చిందా అన్నంతవరకే. కుడి గజ్జలో నాకు ఆపరేషన్ జరిగి 14 నెలలయింది కనుక, విజయనగరంలోని ఆ ప్రైవేటు ఆసుపత్రి గురించి (పేరు రాయడం లేదు) ఇప్పుడు రాయడం న్యాయమనిపించింది.

మొదట మెచ్చుకోవలసిన సంగతి. డాక్టరుగారు రెండు పద్ధతులనూ కాగితం మీద బొమ్మ గీసి వివరించారు. ఒకటి గజ్జ దగ్గర కోసి, బలహీనపడిన చోట పాలీప్రొపిలీన్ మెష్ (ప్లాస్టిక్ వల) పరిచి కుట్టే లిక్టెన్‌స్టీన్ పద్ధతి. దీనికి నడుముకు మత్తు ఇంజెక్షన్ చాలు. రెండోది మూడు చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చేసే లాప్రోస్కోపీ. దీనికి సాధారణంగా పూర్తి మత్తు కావాలి, ఖర్చూ ఎక్కువ. రెండు వైపులా ఉన్నా, కోసి చేసినది తిరగబెట్టినా రెండోదే మేలని, ఒకవైపే ఉన్న నాకు ఏదైనా సరిపోతుందని ఆయన చెప్పారు. నేను మొదటిది ఎంచుకున్నాను. బిల్లు 48,000 రూపాయలయింది. ముందు చెప్పిన లెక్కకు పైసా పెరగలేదు. ఆ రాత్రి మత్తు ప్రభావంతో మూత్రం బిగిసిపోయినప్పుడు నర్సమ్మగారు విసుక్కోకుండా గొట్టం వేసి, తెల్లవారేసరికి తీశారు. దగ్గు వచ్చినప్పుడు గాయం మీద దిండు అదిమి పట్టుకోవాలని నేర్పింది కూడా ఆవిడే.

లోపమంతా ఆ తర్వాత మొదలైంది. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితం ఆంగ్లంలో ఉంది. అందులో జీవితానికి సంబంధించిన వాక్యం ఒక్కటే, మూడు నెలలు బరువులు ఎత్తవద్దని. ఎన్ని కిలోలైతే బరువు? 25 కిలోల బియ్యం బస్తా సంగతి సరే, రెండేళ్ల మనవరాలిని ఎత్తుకోవచ్చా? అడిగితే "జాగ్రత్తగా ఉండండి" అన్నారు. ఆ భయంతో నేను పిల్లను మూడు నెలలు ముట్టుకోలేదు. కానీ గజ్జ హెర్నియా చికిత్సపై 2018లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పేది వేరు: శరీరానికి ఇబ్బంది లేదనిపించిన వెంటనే మామూలు పనులన్నీ మొదలుపెట్టవచ్చు.

అంతకన్నా పెద్ద లోపం నొప్పి గురించి ముందే చెప్పకపోవడం. గాయం కింద అరచేతి మేర తిమ్మిరి మిగిలింది. మూడు నెలలు దాటాక, గొంతుక్కూర్చుని లేచినప్పుడల్లా తొడ లోపలివైపు నిప్పు తగిలినట్టు మంట వచ్చేది. మెష్ జారిపోయిందేమోనని భయపడి పరుగెత్తితే, గజ్జ గుండా పోయే నరం మచ్చలో చిక్కుకోవడం వల్ల ఇలా జరుగుతుందని అప్పుడు చెప్పారు. మూడు నెలలకు మించి రోజువారీ పనికి అడ్డం వచ్చే నొప్పి నూటికి 10 నుంచి 12 మందికి ఉంటుందని, కాలం గడిచేకొద్దీ తగ్గుతుందని ఆ మార్గదర్శకాల్లోనే ఉంది. ఈ ఒక్క మాట ఆపరేషన్‌కు ముందు చెప్పి ఉంటే నాకు ఎన్నో రాత్రుల నిద్ర దక్కేది. మంట ఏడో నెలకు పోయింది. తిమ్మిరి ఇంకా ఉంది, అలవాటయింది.

శ్రీకాకుళంలో ఉండే మా బావగారికి రెండు వైపులా లాప్రోస్కోపీలో చేశారు. పదో రోజుకే స్కూటరు ఎక్కారు, మంట ఎరుగరు. అయితే ఆపరేషన్ అయిన వారానికి వృషణాల దగ్గర నీరు చేరి ఉబ్బితే, హెర్నియా మళ్లీ వచ్చిందని ఇల్లంతా ఏడ్చారు. కొన్ని వారాల్లో అది దానంతటదే ఇంకిపోయింది. ఈ సంగతీ ఎవరూ ముందు చెప్పలేదు. మా జిల్లాల్లో ఆసుపత్రి మారినా ఈ అలవాటు మారినట్టు లేదు. మెష్ వాడకం రాకముందు, కండరాలనే దగ్గరకు లాగి కుట్టించుకున్న మా నాన్నగారికి మాత్రం ఎనిమిదేళ్లకు నిజంగానే తిరగబెట్టింది.

హెర్నియా తర్వాతి జీవితాన్ని కొలవడానికి 2008లో వచ్చిన కరోలినాస్ కంఫర్ట్ స్కేల్ అనే ప్రశ్నావళి ఉంది. పడుకోవడం, వంగడం, దగ్గడం, మెట్లెక్కడం వంటి ఎనిమిది పనుల్లో నొప్పి ఎంత, మెష్ ఉన్నట్టు తెలుస్తోందా, కదలిక ఆగుతోందా అని 23 ప్రశ్నలు. సున్నా నుంచి అయిదు వరకు మార్కులు. నాకు నేనే నింపుకున్నాను. రామతీర్థం మెట్లెక్కి వచ్చాను కనుక మెట్లకు సున్నా, వంగడానికి ఒకటి. నేల మీద గొంతుక్కూర్చోవడం గురించి అందులో ప్రశ్నే లేదు, నా ఇబ్బందంతా అక్కడే అయినా. ఇలాంటి కాగితాన్ని తెలుగులో, పీట మీద భోజనాన్నీ నాట్లు వేయడాన్నీ చేర్చి, మూడో నెలలోనూ ఏడాదికీ రోగుల చేత నింపించడం ఏ ఆసుపత్రికీ భారం కాదు. నన్ను మూడో వారం తర్వాత ఎవరూ పిలవలేదు.

చేతి పనికి అయిదుకు అయిదు, తర్వాతి ఆరాకు రెండు. ఈ మధ్య దగ్గితే ఎడమవైపు కూడా చిన్నగా ఉబ్బుతోంది. సంక్రాంతి వెళ్లాక ఆ డాక్టరుగారికే చూపించుకుంటాను. ఈసారి అడగవలసినవన్నీ ముందే రాసుకుని వెళతాను.