పొడవాటి డచ్ మాట: పదాలుగా విరవాలా, పలుకులుగానా?

‘ఆర్బెయిడ్స్‌ఒన్‌గెస్‌ఖిక్త్‌హెయిడ్స్‌వెర్‌జేకెరింగ్’. రోమన్ లిపిలో 33 అక్షరాలు, నోటికి 10 పలుకులు (ఒక్కో అచ్చుతో ఒక్కో ముక్క). అర్థం మాత్రం పని చేయలేనివారికి బీమా, అంతే. దీన్ని విరిచే దారులు రెండు.

శ్రమ: పలుకులుగా విరవడానికి నిఘంటువు అక్కరలేదు; అచ్చుల మధ్య ఒంటరి హల్లును తరువాతి పలుకుకు ఇవ్వడమే ముఖ్య సూత్రం. పదాలుగా విరవాలంటే పదాలు తెలియాలి. ఇక్కడ పని, అశక్తత, బీమా. నడుమ అతుకుగా ‘స్’.

ప్రమాదం: అసలు తేడా ఇక్కడే. రాత్రి భోజనం అనే డచ్ మాటను చెవిని నమ్మి ‘ఆ-వొన్-దే-తెన్’ అని విరిస్తే తప్పు. అది ‘ఆవొంట్’ (సాయంత్రం), ‘ఏతెన్’ (తిండి). రాతలో ‘డ్’ ఉన్నా పదం చివర కాబట్టి ‘ట్’ అని పలుకుతుంది. పదాల దారిలోనూ గుంటలున్నాయి: ‘క్వార్ట్+స్లాగెన్’ పావు మలుపులు, ‘క్వార్ట్స్+లాగెన్’ స్ఫటిక పొరలు. రాతలో రెండూ ఒకటే! సంధులు విడదీసిన మనకు ఇది కొత్త తలనొప్పి కాదు.

ఊనిక (నొక్కి పలికే చోటు): సాధారణంగా మొదటి పదం మీదే, కాబట్టి పదాల దారిదే గెలుపు. కానీ పురమందిరం ‘స్టాట్‌హౌస్’లో ఊనిక రెండో పదానిది. ఇలాంటివి కంఠస్థం చేయాల్సిందే.

చదివి అర్థం చేసుకోవాలన్నా, పంక్తి చివర మాటను తుంచాలన్నా పదాలుగా విరవండి. తెలియని మాటను గట్టిగా చదవాల్సి వస్తే, ముందు పదాల హద్దులు గుర్తించి, ఒక్కో ముక్క లోపల పలుకులు లెక్కపెట్టండి.