విజయనగరంలో కాన్వాస్ ప్రింట్ షాపు: మిక్సింగ్ సూపర్, పాత పెయింటింగ్ అయితే మాత్రం పక్కనే కూర్చోండి

మూడు లాంతర్ల దగ్గర సందులో ఫొటో ఫ్రేములూ కాన్వాస్ ప్రింట్లూ చేసే షాపు గురించి ఇది. కొంచెం తిట్టేది కూడా ఉంది కాబట్టి పేరు రాయడం లేదు.

మా స్కూల్ సోషల్ రూముకి జర్మన్ చిత్రకారుడు ఆంటోన్ ఫాన్ వెర్నర్ వేసిన బొమ్మ పెద్ద సైజులో కావాల్సి వచ్చింది. 1871 జనవరి 18న ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ ప్యాలెస్ అద్దాల హాల్లో జర్మన్ సామ్రాజ్యాన్ని ప్రకటించిన సీను, ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి హిస్టరీలో ఉంటుంది, కానీ ఆ సైజులో పిల్లలకి మొహాలే తెలియవు. వెర్నర్ 1915లోనే పోయాడు, కాపీరైట్ గొడవ లేదు. పెద్ద రిజల్యూషన్ ఫైలు దించుకుని పెన్ డ్రైవ్‌లో ఇచ్చాను.

మొదటి ప్రింట్ చూసి తల పట్టుకున్నాను. "మరీ డల్లుగా ఉంది మాస్టారూ, కొంచెం బ్రైట్ చేసేశాను" అన్నాడు ఓనరు. బ్రైట్ చేయడం ఒక్కటే కాదు, పెళ్లి ఆల్బమ్‌కి వాడే ఫిల్టరేదో పడినట్టుంది, ప్రష్యా (ఆ సామ్రాజ్యానికి ముందు నిలిచిన జర్మన్ రాజ్యం) జనరల్స్ అందరూ పౌడర్ రాసుకుని నిలబడ్డారు! వెర్నర్ గొప్పతనమంతా వివరంలోనే ఉంది. బూటు మెరుపూ, పతకమూ, ఒక్కొక్కరి మీసమూ విడివిడిగా కనబడాలి. ఆ రోజు ఆయన స్వయంగా హాల్లో ఉండి స్కెచ్‌లు గీసుకున్నాడు. అవన్నీ నున్నగా అయిపోతే ఇంక ఆ బొమ్మ ఎందుకు? గట్టిగా అడిగితే మారు మాట లేకుండా, డబ్బు తీసుకోకుండా మళ్లీ వేసిచ్చాడు. రెండోది నిజంగా బాగుంది, దగ్గరికెళ్లి చూసినా ఎక్కడా పగల్లేదు. ఫ్రేముతో కలిపి మూడు వేల పైచిలుకు, ఆ క్వాలిటీకి ఎక్కువేం కాదు.

అసలు ఈ షాపు పేరు తెచ్చుకుంది మిక్సింగ్‌లో. పోయిన తాతగారిని మనవడి పెళ్లి ఫొటోలో నిలబెట్టడం, నలిగిన చొక్కా తీసి కోటు వేయడం లాంటివి. కౌంటర్ మీద ఉన్న శాంపిల్‌లో వెలుగు ఎటునుంచి పడుతోందో కూడా సరిచూసి అతికించారు, కనిపెట్టలేం. అది చూశాక వెర్నర్ సంగతి చెప్పకుండా ఉండలేకపోయాను. ఈ బొమ్మని ఆయన ఒకసారి కాదు, పలుమార్లు వేశాడు. మొదటి రెండూ రెండో ప్రపంచ యుద్ధంలో పోయాయి. మిగిలింది 1885లో, జర్మనీని ఏకం చేసిన ఛాన్సలర్ బిస్మార్క్ డెబ్బయ్యో పుట్టినరోజుకి రాజకుటుంబం ఇచ్చిన కానుక. ఆ రోజు బిస్మార్క్ వేసుకున్నది నీలం యూనిఫాం, బొమ్మలో తెల్లది, అందరి మధ్యలో ఇట్టే కనబడేలా. మెడలో ఉన్న పతకం 1884లో గానీ ఆయనకి రాలేదు. యుద్ధమంత్రి రూన్ అయితే ఒంట్లో బాగోక ఆ రోజు హాలుకే రాలేదు, అయినా ముందు వరసలో ఉన్నాడు! "అయితే ఆయనదీ మిక్సింగే కదండీ" అని తెగ నవ్వాడు ఓనరు. వెర్నరేమో ఉన్నది ఉన్నట్టు వేస్తాడని పేరున్న మనిషి మరి. నాకైతే పాఠానికి ఇంతకన్నా మంచి బొమ్మ దొరకదు.

గోడల నిండా ఏడు గుర్రాలూ, సూర్యోదయాలూ, రాధాకృష్ణులే. మోడరన్ ఆర్ట్ లేదా అంటే "ఆ పిచ్చి గీతలు ఎవరు కొంటారండీ" అన్నాడు. వెర్నర్‌కీ అదే పట్టుదల. 1892లో బెర్లిన్ చిత్రకారుల సంఘానికి ఆయనే అధ్యక్షుడు, కొత్త తరహాలో వేసే నార్వే చిత్రకారుడు ఎడ్వర్డ్ మంక్ ఎగ్జిబిషన్‌ని వారం తిరక్కుండా మూయించిన వాళ్లలో ముందున్నాడు. మూసేయాలని 120 ఓట్లు, వద్దని 105. ఆ గొడవతోనే మంక్ పేరు జర్మనీ అంతా మోగిపోయింది, అది వేరే కథ.

ఇంకో మాట. "హ్యాండ్‌మేడ్ ఆయిల్ పెయింటింగ్" అని డబుల్ రేటు చెబుతారు, అది ప్రింట్ మీద బ్రష్‌తో జెల్ పూసిందే. గీతలు చేతికి తగులుతాయి, కానీ కింద రంగుతో సంబంధం లేకుండా పోతుంటాయి, పక్క నుంచి వెలుతురులో చూస్తే తెలిసిపోతుంది. మామూలు ప్రింటే తీసుకోండి. పెళ్లిళ్ల సీజన్‌లో చెప్పిన రోజుకి ఇవ్వరు, అడ్వాన్స్ సగం కన్నా ఎక్కువ కట్టకండి, కలర్ ముట్టుకోవద్దని బిల్లు మీదే రాయించుకోండి.