ఏడు నెలలు వాడి, ఒకసారి పడ్డాక: ఈ ఫుల్ ఫేస్ హెల్మెట్ గురించి

ఏడు నెలలుగా రోజూ ఈ ఫుల్ ఫేస్ హెల్మెట్టే పెట్టుకుంటున్నాను, పోయిన నెల దీంతోనే కింద పడ్డాను కూడా, అందుకే ఇప్పుడు రాస్తున్నా.

మలుపులో ఇసుక మీద ముందు టైరు జారింది. పెద్ద స్పీడేం కాదు, ముప్పై కూడా లేదు. ముందు భుజం, వెంటనే గడ్డం వైపు రోడ్డుకి కొట్టుకున్నాయి. లేచి హెల్మెట్ తీసి చూస్తే గడ్డం దగ్గర బొటనవేలంత మేర పెయింటు లేచిపోయి, లోపలి తెల్ల ప్లాస్టిక్ కనిపిస్తోంది. అదే హాఫ్ హెల్మెట్ అయితే అక్కడ ఉండేది నా దవడ. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే.

సైజు విషయం జాగ్రత్త. కొత్తలో బుగ్గలు నొక్కుకుపోయినట్టు ఉంటుంది, అలాగే ఉండాలి, రెండు మూడు వారాల్లో లోపలి ప్యాడ్లు మెత్తబడి సర్దుకుంటాయి. స్ట్రాప్ బిగించాక వెనక మెడ దగ్గర పట్టుకుని ముందుకు లాగి చూడండి, ఊడి చేతికొస్తే అది మీ సైజు కాదు. దీనికి బకిల్ బదులు రెండు రింగుల స్ట్రాప్ ఇచ్చారు. మొదట్లో విసుగనిపిస్తుంది గానీ ప్రతిసారీ మన గడ్డానికి సరిపడా బిగుతుగా కట్టుకోవచ్చు, నాకు దీంట్లో అన్నిటికంటే నచ్చింది ఇదే. స్ట్రాప్ పెట్టుకోకుండా వెళ్లేవాళ్లని చూస్తే బాధేస్తుంది, కింద పడగానే ముందు ఎగిరిపోయేది ఆ హెల్మెట్టే.

ఇదంతా నా ఒక్కడి అనుభవం అనుకోకండి. వియత్నాంలో 2007 డిసెంబర్ 15 నుంచి అన్ని రోడ్ల మీదా బైక్ నడిపేవాళ్లకీ వెనక కూర్చునేవాళ్లకీ హెల్మెట్ తప్పనిసరి చేశారు. ఆ తేదీకి ముందు మూడు నెలలు, తర్వాత మూడు నెలలు 20 ఆసుపత్రుల లెక్కలు పోల్చి చూశారు. రోడ్డు ప్రమాదంలో గాయపడి చేరినవాళ్లలో తలకు దెబ్బ తగిలి ఉండే ముప్పు 16 శాతం, చనిపోయే ముప్పు 18 శాతం తగ్గాయి. అమెరికాలో దీనికి రివర్స్‌లో జరిగింది. 1966లో రాష్ట్రాలకిచ్చే కేంద్ర హైవే నిధులకు హెల్మెట్ చట్టాన్ని ముడిపెట్టేసరికి 1975కల్లా 47 రాష్ట్రాల్లో హెల్మెట్ చట్టం ఉంది, 1976లో అక్కడి పార్లమెంటు (కాంగ్రెస్) ఆ షరతు తీసేయడంతో కొద్ది ఏళ్లలోనే చాలా రాష్ట్రాలు చట్టాన్ని ఎత్తేయడమో సడలించడమో చేశాయి, బైక్ మరణాలు మళ్లీ పెరిగాయి. జనం మారలేదు, రోడ్లు మారలేదు, తల మీద ఉన్నది పోయిందంతే.

ఇక లోపాలు. వానలో వైజర్‌కి ఆవిరి పడుతుంది, కొద్దిగా తెరుచుకుని నడపాల్సి వస్తోంది, రాత్రిపూట ఇది నిజంగా ఇబ్బంది. గాలి హోరు ఎక్కువ. కళ్లద్దాలున్నవాళ్లకి కాడలు పెట్టుకోవడానికి లోపల చోటు తక్కువ.

పడ్డాక పైకి గీతలే కదా అని మళ్లీ వాడొద్దు. లోపల థర్మోకోల్ లాంటి పొర ఉంటుంది, దెబ్బని అది నలిగి తీసుకుంటుంది, ఒకసారి నలిగితే మళ్లీ లేవదు, అది బయటికి కనపడదు కూడా. నేను అదే మోడల్ మళ్లీ తెప్పించుకున్నా, ఈసారి నలుపు కాకుండా పసుపు. పాతదాన్ని ఇంకెవరూ తీసుకుని పెట్టుకోకుండా స్ట్రాప్ కోసేసి పడేశాను.