అటక దిగిన పాత కస్టమ్ పూల్ క్యూ: ఇంకా పనికొస్తుందా?

విశాఖ ఉప్పుగాలిలో ఏళ్ల తరబడి అటక మీద పడున్న కస్టమ్ క్యూ మీద చూడగానే తీర్పు చెప్పేయకూడదు. క్యూ అంటే పూల్ ఆటలో బంతిని కొట్టే కర్ర; ఇది ఆర్డరిచ్చి చేయించుకున్న 58 అంగుళాల రెండు ముక్కల మేపుల్ కర్ర. బట్ (చేత్తో పట్టుకునే లావు ముక్క) మీద పాలిష్ మందంగా ఉంటుంది కాబట్టి ఆ నగిషీకి సాధారణంగా ఢోకా ఉండదు. తేమ దెబ్బ తగిలేది షాఫ్ట్‌కే, అంటే ముందుండే సన్న ముక్కకే.

బిగించిన క్యూని టేబుల్ మీద దొర్లించి, మధ్యలో ఎగిరితే "వంకరపోయింది" అనేస్తారు. తొందరపాటు! రెండు ముక్కల్నీ మర పిన్నుతో కలిపే జాయింట్ సరిగ్గా కూర్చోకపోయినా అలాగే ఎగురుతుంది. రెండు ముక్కల్నీ విడివిడిగా దొర్లించండి. రెండూ తిన్నగా ఉంటే తప్పు జాయింట్‌ది. పిన్ను మరల్లో పేరుకున్న మైనం, చిలుము పాత టూత్‌బ్రష్‌తో తీసేస్తే చాలాసార్లు సర్దుకుంటుంది.

టిప్ (బంతికి తగిలే కొసనున్న తోలు బిళ్ల) మాత్రం మార్చాల్సిందే. ఎండిన తోలు రాయిలా గట్టిపడి, జారకుండా రాసే చాక్ పట్టదు, బంతి మీద జారిపోతుంది. పాతది కోసేటప్పుడే ఫెర్రూల్ (టిప్ కిందుండే తొడుగు) మీద గోరు ఆడించి చూడండి, వెంట్రుకంత పగులు ఉన్నా తగులుతుంది. షాఫ్ట్ జిడ్డుకి తడిగుడ్డ వద్దు, నీళ్లకి చెక్క నార లేచి గరుకవుతుంది. స్పిరిట్ అద్దిన గుడ్డ చాలు, అదీ బట్ పాలిష్‌కి తగలకుండా. ఆపైన 2000 నంబరు ఉప్పుకాగితం పొడవునా. ముతకది రుద్దితే తగ్గిన లావు మళ్లీ రాదు.

కొట్టినప్పుడు జుయ్‌మంటే బట్‌లో బరువు కోసం పెట్టే వెయిట్ బోల్ట్ వదులైందేమో, అడుగున ఉండే రబ్బరు బంపర్ తీసి బిగించాలి. ఆటలో ఈ పాత క్యూ దెబ్బ గట్టిగా, స్పష్టంగా ఉంటుంది. బంతిని పక్కకి కొట్టి తిప్పే సైడ్ స్పిన్‌కి మాత్రం, బంతిని పక్కకి తక్కువగా నెట్టే ఇప్పటి లో డిఫ్లెక్షన్ షాఫ్ట్‌ల కంటే తెల్లబంతి ఎక్కువ పక్కకి పోతుంది, గురి ఆ మేరకు మార్చుకోవాలి.