స్పోర్టీ కారు బుక్ చేస్తున్నారా? ఆప్షన్ల కాగితం మీద నేను పోగొట్టుకున్న లెక్క చూసి వెళ్లండి

టర్బో ఇంజిన్ ఉన్న చిన్న హ్యాచ్‌బ్యాక్ కొందామనుకుంటున్నవాళ్లు షోరూమ్‌కి వెళ్లేముందు ఇది ఒకసారి చదవండి. కంపెనీ పేరు, షోరూమ్ పేరు చెప్పను. ఇంజిన్ మీద నాకు ఫిర్యాదేమీ లేదు, అది బంగారం. ఏ వేరియంట్, ఏ రంగు, ఏ చక్రాలు, ఏ కిట్ అంటూ టిక్కులు పెట్టించే కాగితం ఒకటి ఉంటుంది చూడండి, నా డబ్బు పోయింది అక్కడ. పెట్టింది నా చేత్తోనే, పెన్ను మాత్రం వాళ్లది.

2025 సెప్టెంబర్ 22న చిన్న కార్ల మీద జీఎస్టీ తగ్గింది గుర్తుందిగా. పొడవు నాలుగు మీటర్లు, పెట్రోల్ ఇంజిన్ 1200 సీసీ దాటకపోతే అంతకుముందు సెస్సుతో కలిపి 29 శాతం ఉండేది, ఇప్పుడు 18. నేను చూసిన ఒక లీటర్ టర్బో ఇందులోకే వస్తుంది. అదే 1.5 లీటర్ పెట్రోల్ అయితే బండి ఎంత పొట్టిదైనా 40 శాతం కట్టాల్సిందే, కాబట్టి ఇంజిన్ సైజు చూసుకోండి. నాకు నచ్చిన మధ్య వేరియంట్ దాదాపు 90 వేలు తగ్గి, ఎక్స్-షోరూమ్ (రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కలపని ధర) 9,93,000కి వచ్చింది.

"సార్, మీకు తొంభై వేలు మిగిలాయి కదా" అన్నాడు సేల్స్ కుర్రాడు నవ్వుతూ. అప్పటికి నేను ఒక్క రూపాయి కూడా కట్టలేదు. కట్టని డబ్బు మిగలడం ఏంటని అడగాలని నాకు తట్టలేదు. లేని ఆ తొంభై వేలు ఎలా ఖర్చు పెట్టాలా అని ఇద్దరం కూర్చుని ఆలోచించాం.

మొదట రంగు. ఎర్ర బాడీ, నల్ల టాప్. స్పోర్టీ కారంటే అదే అందం అని నేనూ ఒప్పుకుంటాను. "డ్యూయల్ టోన్ పదిహేను వేలే సార్" అన్నాడు. టిక్కు పెట్టాను. ఎక్స్-షోరూమ్ 10,08,000 అయింది. హైదరాబాద్‌లో కొనేవాళ్లు ఇక్కడ ఆగి ఒక్క నిమిషం లెక్క వేసుకోండి. తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ కారు ధరను బట్టి స్లాబుల్లో ఉంటుంది. అయిదు నుంచి పది లక్షల దాకా 14 శాతం. పది దాటితే 17 శాతం, అదీ దాటిన ఎనిమిది వేల మీద కాదు, మొత్తం ధర మీద. ఒకే రంగు తీసుకుని ఉంటే నేను కట్టాల్సింది 1,39,020. నల్ల టాప్ పుణ్యమా అని కట్టింది 1,71,360. తేడా 32,340. అంటే ఆ టాప్ పదిహేను వేలు కాదు, 47,340. పది లక్షలు దాటింది కాబట్టి దీని మీద ఒక శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను) కూడా, ఇంకో పదివేల చిల్లర. అది ఐటీ రిటర్న్‌లో సర్దుకోవచ్చు కాబట్టి పోయినట్టు కాదు, కానీ చేతిలోంచి ముందే వెళ్లిపోతుంది. కొటేషన్‌లో ఇవన్నీ 'ట్యాక్స్ అండ్ అదర్స్' అనే ఒకే లైన్లో ఉన్నాయి. విడదీసి రాయమని అడగండి. వేరే రాష్ట్రంవాళ్లు మీ స్లాబు ఎక్కడ మారుతుందో ముందే చూసుకోండి. ధర పది లక్షల చుట్టుపక్కల తిరిగే కార్లే ఈ సెగ్మెంట్‌లో ఎక్కువ.

తర్వాత చక్రాలు. నా వేరియంట్‌కి ఫ్యాక్టరీ నుంచి వచ్చేవి 195/55 ఆర్16 టైర్లు, స్టీల్ రిమ్ములు, పైన ప్లాస్టిక్ కవర్లు. చూడటానికి ట్యాక్సీలా ఉంది, నిజమే. షోరూమ్‌లోనే అమ్ముతున్న 17 అంగుళాల నల్ల అలాయ్స్ చూపించారు, 205/45 టైర్లతో. పాత చక్రాలు, టైర్లు వాళ్లే తీసుకుని, పైన 62,000. స్క్రీన్ మీద బొమ్మలో బండి చిరుతపులిలా ఉంది. ఇంక ఆగలేదు.

టైరు మీద రాసి ఉండే అంకెలు ఆ రోజు నాకు అర్థమై ఉంటే ఆగేవాణ్ని. 195/55 అంటే టైరు వెడల్పు 195 మిల్లీమీటర్లు, అందులో 55 శాతం పక్కగోడ ఎత్తు. అంటే సుమారు 107 మిల్లీమీటర్ల రబ్బరు. 205/45లో అది 92. గుంతకీ రిమ్ముకీ మధ్య ఉండే దిండు చిటికెన వేలంత మందం తగ్గిపోయింది. గాజులాంటి రోడ్డు మీద మలుపులు తిప్పడానికి అది బాగుంటుంది, కాదనను. నేను రోజూ తిరిగేది నిజాంపేట నుంచి హైటెక్ సిటీకి.

దసరా రోజు డెలివరీ. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాం. రెండు నెలలు తిరక్కముందే ఒక రాత్రి, స్పీడు నలభై కూడా లేదు, పైపులైను కోసం తవ్వి పైపైన పూడ్చిన చోట ముందు ఎడమ చక్రం దిగింది. ఠంగ్‌మని శబ్దం. బండి మామూలుగానే నడిచింది, ఇంటికి వచ్చేశాను. పొద్దున సెల్లార్‌లోకి వెళ్లి చూస్తే టైరు పక్కన గోళీకాయంత బుడిపె. వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోతోంది. లోపల దారాలు తెగితే అలా ఉబ్బుతుందట, దానికి పంక్చర్ వేయడం కుదరదు, టైరు మార్చాల్సిందే. మూసాపేటలో టైర్ల షాపుకి మెల్లగా నడిపించుకుని వెళ్లాను. ఆయన చక్రం విప్పి, తిరగేసి, లోపలి అంచు మీద సుద్దముక్కతో గీత గీశాడు. జుట్టు వెంట్రుకంత సన్నటి పగులు.

"ఇది రోడ్డుకి కాదన్నా, ఫోటోకి" అన్నాడు. అలాయ్, టైరు కలిపి 24,500 అయింది.

సరే, ఇన్సూరెన్స్ ఉంది కదా, అదీ జీరో డిప్ (అరుగుదల కోయకుండా ఇచ్చేది) అని ఫోన్ చేశాను. పాలసీ కాగితం తియ్యమన్నారు. అందులో 'నాన్-ఎలక్ట్రికల్ యాక్సెసరీస్' అని చిన్న గడి ఉంది. నా కాగితంలో ఆ గడిలో సున్నా. బయట నుంచి బిగించినవి అక్కడ విలువతో సహా చూపించి, వాటికి అదనపు ప్రీమియం కడితేనే కవర్ అవుతాయి. బిల్లు చేసినవాళ్లు, పాలసీ చేసినవాళ్లు ఒకే హాల్లో పక్కపక్క టేబుళ్ల మీద కూర్చుంటారు, అయినా ఆ గడి నింపాలని ఒక్కరికీ తోచలేదు. ఇక టైరు సంగతి. బండికి కూడా దెబ్బ తగిలితే తప్ప ఒక్క టైరు పాడైతే మామూలు పాలసీ ఇవ్వదు, ఇచ్చినా సగమే. దానికి వేరే యాడ్-ఆన్ తీసుకోవాలి. కంపెనీ వారంటీ అడిగాను. గుంతలో పడి పగిలినది తయారీ లోపం కాదన్నారు. అందులో వాళ్లను తప్పుపట్టలేను.

డబ్బు పోయినందుకు బాధే. దానికంటే ఎక్కువ భయపెట్టింది ఇంకోటి ఉంది.

'ఎసెన్షియల్ కిట్' అని 19,500 వేశారు. మ్యాట్లు, మడ్ ఫ్లాపులు, బాడీ కవరు, సీటు కవర్లు. అది లేకుండా బిల్లింగ్ అవ్వదన్నట్టు మాట్లాడతారు. అదంతా ఉత్తదే, యాక్సెసరీలు కొని తీరాలన్న రూల్ ఎక్కడా లేదు. ఆ రోజు హాల్లో రద్దీ చూసి వాదించే ఓపిక లేక ఒప్పుకున్నాను. ఎర్ర దారంతో కుట్టిన నల్ల లెదర్ లాంటి కవర్లు, చూస్తే రేసు కారే. ఒక ఆదివారం మా బావ వచ్చాడు. ముందు సీట్లో కూర్చుని, తలుపు వైపు సీటు అంచు తడుముతూ, "ఏం బామ్మర్దీ, సైడ్ ఎయిర్‌బ్యాగులు ఉన్నాయన్నావు, ట్యాగ్ ఏది?" అన్నాడు.

ముందు సీట్ల వీపు భాగంలో, తలుపు వైపు అంచున ఎయిర్‌బ్యాగ్ అని రాసిన చిన్న గుడ్డ ట్యాగ్ ఒకటి ఉంటుంది. లోపలి బ్యాగ్ ఆ పక్క కుట్టు చీల్చుకుని బయటికి రావాలి. నా కవరు ఆ అంచును గట్టిగా, నాలుగు వరసల దారంతో మూసేసి ఉంది. ఆరు ఎయిర్‌బ్యాగులకు డబ్బు కట్టి, అందులో రెండింటి మూతికి గుడ్డ కట్టి రెండు నెలలు తిరిగాం. పక్క సీట్లో మా అమ్మ కూర్చునేది. ఆ సాయంత్రమే కత్తెర తీసుకుని రెండు కవర్లూ కోసి పారేశాను. ఎయిర్‌బ్యాగ్ చోట బలహీనమైన కుట్టు వేసిన కవర్లు విడిగా దొరుకుతాయి. సీటు కవరు కావాలంటే అవే అడగండి, ట్యాగ్ బయటికి కనిపిస్తోందో లేదో మీ కళ్లతో చూడండి. అసలు కవర్లు లేకపోతే ఏమవుతుందో నాకైతే ఇప్పటికీ అర్థం కాలేదు. సీటు మాసిపోతే తుడుచుకోవచ్చు.

మిగతావి చెప్పేస్తాను. స్పోర్ట్స్ బాడీ కిట్ 28,500. ముందు బంపరు కింద పెదవిలా ఒక ప్లాస్టిక్ ముక్క, పక్కన స్కర్టులు, వెనక ఇంకో ముక్క. మా సెల్లార్ ర్యాంప్ దిగుతున్నప్పుడల్లా ముందు ముక్క గీసుకుంటుంది. ఆ శబ్దానికి వాచ్‌మన్ లేచి చూస్తాడు. కోటింగ్ 16,000. కొత్త బండి పెయింటుకి ఏం పూశారో, పూశారో లేదో, దేవుడికే తెలియాలి.

ఇప్పుడు మొత్తం కూడండి. చక్రాలు, రెండు కిట్లు, కోటింగ్ అన్నీ కలిపి 1,26,000. ఇదే కారు పై వేరియంట్ ఒకే రంగులో ఎక్స్-షోరూమ్ 10,79,000. 17 శాతం లైఫ్ ట్యాక్స్‌తో 12,62,430. నా బండి ట్యాక్స్‌తో కలిపి 11,79,360. తేడా 83,070. ఇన్సూరెన్స్, టీసీఎస్ కాస్త పెరిగేవి, అవి పక్కన పెట్టినా సోకులకు పెట్టిన డబ్బుతో పై వేరియంట్ వచ్చి, చేతిలో 40 వేల దాకా మిగిలేది. పై వేరియంట్‌లో ఏముంది? వెనక చక్రాలకు డిస్క్ బ్రేకులు. టైర్లలో గాలి తగ్గితే మీటరులో చెప్పే టీపీఎంఎస్. కంపెనీయే పరీక్షించి ఇచ్చిన 16 అంగుళాల అలాయ్స్, వాటికి కంపెనీ వారంటీ. 120 హార్స్‌పవర్ ఉన్న చిన్న బండికి అవసరమైనవి అవే. వాటిలో వెనక డిస్క్ బ్రేకుల్లాంటివి తర్వాత బిగించుకోవడం దాదాపు కుదరదు. నేను కొన్నవన్నీ ఎప్పుడైనా, ఎక్కడైనా, సగం ధరకి బిగించుకోగలిగినవి.

బ్రోచర్ చివర వేరియంట్ల పట్టిక చాలా చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాన్ని ఇంటికి తెచ్చుకుని తీరిగ్గా చదవండి. బ్రేకులు, ఎయిర్‌బ్యాగులు, గేర్‌బాక్స్, సీటు ఎత్తు, హెడ్‌లైట్లు, ఇలా ఫ్యాక్టరీలో తప్ప రానివాటికి ముందు గీతలు పెట్టుకోండి. టచ్ స్క్రీన్ సైజు, లైటింగ్, స్టిక్కర్లు చివర్లో చూడొచ్చు. సన్‌రూఫ్ గురించి నన్ను అడక్కండి, మే నెల మధ్యాహ్నం పార్కింగ్‌లో పెట్టి చూసుకోండి.

టెస్ట్ డ్రైవ్‌లో నాకు ఇచ్చింది పై వేరియంట్, 16 అంగుళాల ఫ్యాక్టరీ చక్రాలతో. కొన్నది మధ్య వేరియంట్, 17 అంగుళాల బయటి చక్రాలతో. అంటే కొన్న కారును నేను నడపనే లేదు. షోరూమ్ వెనక ఖాళీ రోడ్డు మీద రెండు కిలోమీటర్లు తిప్పి బాగుందన్నాను. మీరు కొనబోయే వేరియంట్, అదే గేర్‌బాక్స్, పొద్దున తొమ్మిదింటికి మీ ఆఫీసు దారిలో నడపాలని పట్టుబట్టండి. డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్ అనుకునేవాళ్లయితే బంపర్‌కి బంపర్ ఆనే ట్రాఫిక్‌లో అరగంట నడపకుండా అడ్వాన్స్ కట్టొద్దు. ఖాళీ రోడ్డు మీద వెన్నలా ఉండే గేర్‌బాక్స్ అక్కడ ఎలా ఈడుస్తుందో వేరే విషయం.

ఇన్సూరెన్స్ షోరూమ్‌లోనే తీసుకోవాలన్నారా? అక్కర్లేదు, బయట తీసుకునే హక్కు మీది. మూడేళ్ల థర్డ్ పార్టీ (ఎదుటివాళ్ల నష్టానికి) తప్పనిసరి, ఓన్ డ్యామేజ్ (మన బండి నష్టానికి) ఏడాదికి చాలు. నాకు బయట 17 వేలు తక్కువకి కొటేషన్ వచ్చింది. కానీ అప్పటికే వాళ్ల దగ్గర కట్టేశాను. 'హ్యాండ్లింగ్ ఛార్జీలు' అని 9,500 వేస్తే మాత్రం దేనికని రాసివ్వమన్నాను. మాట్లాడకుండా కొట్టేశారు. నేను గెలిచింది అదొక్కటే. మీకు కొట్టేయకపోతే జాతీయ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. ఇంకోటి, రిజిస్ట్రేషన్ అవ్వకముందే యార్డుకి వెళ్లి మీ బండిని పగటి వెలుతురులో చూడండి. టైరు పక్కన నాలుగు అంకెల గడి ఉంటుంది, టైరు ఎప్పుడు తయారైందో చెప్పేది అదే, మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. పండగ రోజు డెలివరీ పెట్టుకుంటే ఇవేవీ చూసే టైం ఉండదు. నాకు పూలదండ, కేకు, ఫోటో అయ్యేసరికి వెనక ఇంకో కుటుంబం వెయిటింగ్‌లో ఉంది.

ఇప్పుడు నా బండి మళ్లీ 16 అంగుళాల మీదే తిరుగుతోంది. నా దగ్గర తీసుకున్న పాత చక్రాలు ఉన్నాయా అని షోరూమ్‌లో అడిగితే ఎప్పుడో అమ్మేశామన్నారు. మూసాపేట ఆయనే ఎక్కడో వెతికి నాలుగు స్టీల్ రిమ్ములు తెచ్చిపెట్టాడు. నల్ల అలాయ్స్ బాల్కనీలో ఉన్నాయి, మూడు పాతవి, ఒకటి కొత్తది. మా నాన్న వాటి మీద తులసి కుండీ పెడదామంటున్నారు. అమ్ముదామని ఒకసారి ఫోటో తీశాను. కొంటానని అడిగిన కుర్రాడు ఏ రోడ్డులో తిరుగుతానన్నాడో విని, వద్దు తమ్ముడూ అని నేనే చెప్పేశాను.