జాగ్రత్త: మల్టీగ్రెయిన్ బేగెల్ అని నమ్మి నాన్నకు మూడు వారాలు మైదా పెట్టాను

ఇప్పుడే ఆ షాపు నుంచి వచ్చాను, కోపంతో చేతులు ఇంకా వణుకుతున్నాయి, రాతలో తప్పులుంటే సర్దుకోండి. ఇక్కడ న్యూజెర్సీలో మనవాళ్లు శనివారం వచ్చిందంటే వెళ్లే షాపే, బేకరీ వైపు గాజు అరల్లో బేగెల్స్ (గారెలా మధ్యలో చిల్లున్న గుండ్రటి బ్రెడ్లు) విడిగా పెడతారే, మనమే పటకారుతో తీసి కాగితం కవర్లో వేసుకుంటాం, అక్కడే. ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లున్న ప్రతి ఒక్కరూ ఇది చదవాలి.

నాన్నకు పన్నెండేళ్లుగా షుగర్. గుంటూరులో ఉన్నన్నాళ్లూ తిన్న రెండు గంటలకు చూస్తే 160, 170 దాటేది కాదు. ఆరు నెలలుందామని వచ్చారు. పొద్దున్నే నేనూ మా ఆయనా ఆఫీసులకు పరిగెత్తాలి, అమ్మకు మోకాళ్ల నొప్పులు, రోజూ ఇడ్లీ అంటే కుదరదు. అందుకని బేగెల్ అనుకున్నాను. తెల్లవి కాదు, పైన ఓట్స్, గుమ్మడి గింజలు అద్దిన గోధుమ రంగువి, మల్టీగ్రెయిన్ అని కార్డు కూడా పెట్టారు. కొనే ముందు కౌంటర్ దగ్గర ఉన్నతన్ని అడిగాను, మా నాన్నకు డయాబెటిస్, ఇవి పెట్టొచ్చా అని. "మల్టీగ్రెయిన్ మేడమ్, చాలా హెల్దీ, మా దగ్గర డయాబెటిస్ వాళ్లందరూ ఇవే తీసుకుంటారు" అన్నాడు. నవ్వుతూ చెప్పాడు. నమ్మాను.

మొదటి రోజే నాన్న ఒక ముక్క నమిలి, "ఏంటమ్మా, ఇది మైదాలాగా సాగుతోంది?" అన్నారు. మైసూర్ బజ్జీ పిండి చేత్తో ఎత్తి ఎత్తి కలిపిన మనిషి ఆయన, పంటి కింద పడగానే తెలిసిపోయింది. నేనేమన్నానో తెలుసా? "కాదు నాన్నా, ఇవన్నీ ధాన్యాలు, ఇంకో సగం కూడా తినండి, మంచిదే" అన్నాను. ఆ మాట ఇప్పుడు గుర్తొస్తుంటే కడుపులో దేవినట్టవుతోంది. పైగా రాత్రి అన్నం తగ్గించేశాను. నాన్న పెరుగన్నం కోసం కంచం వైపు చూస్తూ ఊరుకునేవారు, ఒక్కసారి కూడా మారుమాట్లాడలేదు.

రెండో వారానికి రీడింగులు 220, 235. మొదట ప్రయాణం అలసట అనుకున్నాం. తర్వాత బేగెల్‌కు రాసే క్రీమ్ చీజ్ మీద అనుమానం వచ్చి అది ఆపేశాం. అసలు రెండు చెంచాల క్రీమ్ చీజ్‌లో పిండిపదార్థం రెండు గ్రాముల లోపే ఉంటుందట, దాన్ని ఆపి బేగెల్‌ను మాత్రం కొనసాగించాం. మొన్న గురువారం 251 వచ్చింది. గుంటూరు డాక్టరుగారికి వీడియో కాల్ చేస్తే ఆయన మాత్ర డోసు పెంచాలేమోనని అంటూనే, ఆగి, "పొద్దున ఏం తింటున్నారు?" అని అడిగారు. ఫ్రిజ్‌లోంచి తీసి చూపించాను. "దాంట్లో ఏముందో కనుక్కోమ్మా ముందు" అన్నారు. ఆ ఒక్క ప్రశ్న అడక్కపోయుంటే మైదాకు మందు మింగించేవాళ్లం.

అందుకే ఇవాళ వెళ్లాను. అదే మనిషి. ఇందులో కార్బ్స్, అంటే పిండిపదార్థం, ఎంత, ఏ పిండి అని అడిగితే వంగి, కౌంటర్ కింద నుంచి ఒక నల్ల ఫైలు తీశాడు. ప్లాస్టిక్ కవర్ల మీదంతా పిండి చేతుల మరకలు. మల్టీగ్రెయిన్ పేజీ తీసి నా వైపు తిప్పాడు. ఒక్క బేగెల్‌కు 340 క్యాలరీలు, పిండిపదార్థం 66 గ్రాములు, పీచు 3, సోడియం 590 మిల్లీగ్రాములు. పదార్థాల వరుసలో మొట్టమొదటిది ఎన్‌రిచ్డ్ వీట్ ఫ్లోర్. అంటే ఏమనుకున్నారు, తీసేసిన విటమిన్లు మళ్లీ కొన్ని కలిపిన మైదా. తర్వాత నీళ్లు, తర్వాత చక్కెర. ఓట్స్, గింజలు ఎక్కడో కింద. ఆ రంగు ధాన్యాలది కాదు, మొలాసిస్‌ది, అంటే చెరకు మడ్డిది.

అరవై ఆరు గ్రాములు! ఒక కప్పు వండిన తెల్లన్నంలో 45 గ్రాములుంటుంది. నాన్న కంచంలోంచి కప్పు అన్నం లాగేసి, పొద్దున్నే ఒకటిన్నర కప్పుల అన్నమంత పిండి నా చేతులతో నేనే పెట్టాను, ఆయన మొదటి రోజే అనుమానపడినా పెట్టాను.

సరే, ఫైలు ఉందిగా, ఆ రోజు ఎందుకు చూపించలేదు అని అడిగాను. ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "ఆ రోజు మీరు మంచిదా అని అడిగారు మేడమ్, కార్బ్స్ ఎంత అని అడగలేదు." ఇది చెప్పి ఫైలు మూసి నా వెనకున్నావిడ వైపు చూసి "నెక్స్ట్" అన్నాడు. డయాబెటిస్ అన్న మాట విన్నాడు, ఫైలు మోకాలి దగ్గరే ఉంది, అయినా వంగలేదు. మేనేజరమ్మ దగ్గరికి వెళ్తే ఆవిడ "మేం బ్రెడ్ అమ్ముతాం, వైద్య సలహా ఇవ్వం" అంది. మరి డయాబెటిస్ వాళ్లందరూ ఇవే తీసుకుంటారని మీ మనిషి చెప్పింది ఏమిటి, సలహా కాదా? దానికి జవాబు లేదు. తిరిగి ఇచ్చేద్దామని తీసుకెళ్లిన నాలుగూ కవరు విప్పారని తీసుకోలేదు. డబ్బు పోతే పోయింది, నా బాధ దాని గురించి కాదు.

ఇంటికొచ్చి కూర్చుని చదివితే తెలిసిన ఇంకో సంగతి. ఒకప్పుడు బేగెల్ మూడంగుళాల వెడల్పు, 140 క్యాలరీలు ఉండేదని, తర్వాత ఆరంగుళాలై 350 అయిందని ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ ఎన్‌ఐహెచ్ ఎప్పుడో చెప్పింది. మధ్యలో చిల్లు ఉంటుంది కదా, చేతిలో చిన్నగా కనిపిస్తుంది, కానీ బ్రెడ్డులా గుల్లగా ఉండదు, పిండి దట్టంగా కూరినట్టుంటుంది, ఉడకబెట్టి మరీ కాలుస్తారు. ప్యాకెట్‌లో వచ్చే మామూలు బేగెల్ కూడా దాదాపు వంద గ్రాములు తూగుతుంది, అందులో పిండిపదార్థం 50 గ్రాములు దాటుతుంది, అంటే నాలుగు బ్రెడ్ ముక్కలకు దగ్గర. మనమేమో ఒకటే కదా తిన్నాం అనుకుంటాం.

నిన్నా ఇవాళా పొద్దున పెసరట్టు వేశాను, రెండు గంటలకు చూస్తే నిన్న 188, ఇవాళ 176. నాన్న ఏమీ అనలేదు, "నీకు తెలీక పెట్టావమ్మా" అన్నారంతే. అమ్మ మాత్రం రాత్రి గిన్నెలు కడుగుతూ "ఆయన మొదటి రోజే చెప్పారుగా" అంది.

కొనేవాళ్లు మల్టీగ్రెయిన్, హోల్‌గ్రెయిన్‌తో తయారైంది లాంటి మాటలు వదిలేసి పదార్థాల్లో మొదటి పేరు చూడండి, బరువులో ఎక్కువున్నదే ముందు రాయాలని ఇక్కడ రూలు, అక్కడ హోల్ వీట్ లాంటి 'హోల్' అన్న మాట లేకుండా ఉత్త వీట్ ఫ్లోర్ అని ఉంటే అది మైదానే. చక్కెర ఎంత అని కాదు, టోటల్ కార్బోహైడ్రేట్ లైను చూడండి. పాత లెక్కల్లో సగం బేగెల్‌నే ఒక సర్వింగ్‌గా రాసేవాళ్లు, అందుకని ఆ అంకె మొత్తం బేగెల్‌కా, సగానికా అన్నదీ ఒకసారి చూడండి. విడిగా అమ్మే చోట, 20 అంతకంటే ఎక్కువ బ్రాంచీలున్న షాపులు క్యాలరీలు బోర్డు మీద పెట్టాలి, పిండిపదార్థం లాంటి మిగతా పోషక వివరాలు అడిగితే రాతపూర్వకంగా చూపించాలి, 2018 నుంచి ఉన్న రూలు. మా షాపులో ఆ ఫైలు కౌంటర్ కింద, కాగితం కవర్ల కట్ట పక్కన ఉంటుంది, నల్లది. పేరు పెట్టి అడగండి, తీసేదాకా అక్కడే నిలబడండి.